ఏ తల్లి గుడ్లు ఆ తల్లికే

చిరంజీవి సుజాతకు, పెదనాన్న ఆశీస్సులు.

ఆలివ్ రిడ్లే సముద్రతాబేళ్ల గుడ్లు ఒడ్డు నుంచి తెచ్చి పొదిగించే హేచరీలో చేరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషమమ్మా. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు నిద్ర సంగతి మర్చిపో.

గట్టిగా చెప్పేది ఒక్కటే. రెండు గూళ్ల గుడ్లు కలపకు. నేను చేరిన మొదటి ఏడు తెల్లారిపోతోందన్న తొందరలో రెండు సంచులూ ఒకే గోతిలో దించేశాను. పిల్లలైతే బాగానే వచ్చాయి, ఏది ఎవరిదో మాత్రం రిజిస్టరులో రాయలేకపోయాను. ఆ గడి ఇప్పటికీ ఖాళీయే.

ఎందుకింత పట్టింపు అంటావా? ఆడతాబేలు ఒకటికి మించి మగవాటితో జతకడుతుంది, అంచేత ఒక్క గూటి పిల్లలకే ఇద్దరు ముగ్గురు తండ్రులుండొచ్చు. ఆ గూట్లో చచ్చిన పిల్ల నుంచి చిటికెడు కండ స్పిరిట్ సీసాలో వేసి గూటి నంబరు రాస్తే, ఆ లెక్క ల్యాబులో తేలుతుంది. నంబరు లేని సీసా ఎందుకూ కొరగాదు. అటవీశాఖ అనుమతి లేకుండా మాత్రం ముట్టుకోకు, ఇది వన్యప్రాణి రక్షణ చట్టంలో గట్టి రక్షణ ఉన్న షెడ్యూల్ ఒకటి జీవి.

ఒడిశాలోని గహిర్మాత తీరానికి లక్షల్లో వస్తుంటే మన ఒడ్డుకొచ్చే నాలుగు తాబేళ్లు ఏపాటి అనేవాళ్లు నీకూ తగులుతారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు పాలుపంచుకున్న జన్యు పరిశోధన 2004లో అచ్చయింది. ఒడిశాలో గుంపుగా వచ్చేవీ, మద్రాసు ఒడ్డున ఒంటరిగా గుడ్లు పెట్టేవీ ఒకే కుదురని తేలింది. పక్కనున్న శ్రీలంకవే వేరట! ప్రపంచంలోని మిగతా ఆలివ్ రిడ్లేలకు మన హిందూ మహాసముద్రపువే మూలమై ఉండొచ్చని కూడా రాశారు. అడిగినవాళ్లకి ఇది చెప్పు.

ఇక చేతిపని. గుడ్లు పెట్టిన కొద్ది గంటల్లోనే తరలించాలి, ఆలస్యమైతే పిండం పెంకుకి అంటుకుంటుంది, తిప్పితే చస్తుంది. ఏ వైపు పైకుందో ఆ వైపే పైకి ఉంచు. గొయ్యి మోచెయ్యి మునిగేంత లోతు, మెడ సన్నం, అడుగు వెడల్పు, మన నీళ్లకుండలాగా. గూళ్లన్నీ ఎండలోనే పెట్టకు. ఇసుక బాగా వేడెక్కితే అన్నీ ఆడపిల్లలే పుడతాయి, చల్లబడితే మగవే. కొన్నిటిమీద తాటాకు పందిరి వెయ్యి.

పిల్లలు పైకొచ్చాక ఫోటోల కోసం తొట్లో ఆపొద్దు, ఈదే సత్తువ అక్కడే ఖర్చయిపోతుంది. రోజూ ఒకేచోట వదలకు, చేపలు కాపు కాస్తాయి.

అమావాస్యకి వస్తున్నాను. టార్చికి కట్టే ఎర్రకాగితం నా దగ్గరుంది, తెస్తాను. నువ్వు కొనకు.

మీ పెదనాన్న