శ్రావణికి, పెళ్లి కాగితాల సంగతి

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఇంగ్లండు దొరల పెళ్లి మీద నవల మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కథ సంగ్రహం కూడా పంపింది. నవ్వొచ్చింది, గర్వంగానూ అనిపించింది. మూడో పేజీకి వచ్చేసరికి గుండె గుభేలుమంది.

చిన్నవి ముందు చెప్పేస్తాను. 1816 అన్నావు, రీజెన్సీ కాలమే (రాజు బదులు కొడుకు ఏలిన రోజులు), బాగుంది. అందరికంటే పెద్ద దొర డ్యూక్‌ను ‘యువర్ గ్రేస్’ అనాలి, అతని కంటే చిన్న దొర ఎర్ల్‌ను ‘మై లార్డ్’. ఎర్ల్ కూతురు లేడీ కారొలైన్. సొంత పేరు వదిలేసి ఇంటిపేరుతో లేడీ ఫలానా అంటే నైట్ (‘సర్’ బిరుదున్నవాడు) భార్య అయిపోతుంది. ఆల్మాక్స్ నాట్యశాలలో నువ్వు పెట్టిన విందు తీసేయి. అక్కడ దొరికేది సన్నగా కోసిన రొట్టె, వెన్న, నిమ్మరసం. అంత గొప్పవాళ్లకి అంతేనా అంటే, అంతే మరి!

ఇక మూడో పేజీ. ‘ఆరు నెలలు పేరుకే మొగుడూ పెళ్లాలం, ముట్టుకోం, ఆపైన పెళ్లి రద్దు చేయించుకుందాం’ అని ఒప్పందం రాయించావు. ఎవరు చెప్పారే నీకు? ఈ తరహా నవలలను ఎప్పటినుంచో పట్టుకుని వేలాడుతున్న తప్పు ఇది. కాపురం చెయ్యలేదన్న ఒక్క కారణంతో అప్పట్లో అక్కడి చర్చి కోర్టు పెళ్లి కొట్టేసేది కాదు. ఒకరికి ముందే పెళ్లయి ఉండాలి, లేదా కూడని వరస కావాలి, లేదా 21 ఏళ్లు నిండని పిల్లకి తండ్రి ఒప్పుకోకుండా పెళ్లి లైసెన్సు మీద చేసి ఉండాలి. అదీ కాకపోతే మగవాడు అసమర్థుడని తేలాలి. అది తేలడానికి మూడేళ్లు ఒక కప్పు కింద ఉండి, ఆ తర్వాత పిల్లకి పరీక్ష! ఏ ఎర్ల్ ఊరందరి ముందూ ఆ మాట ఒప్పుకుంటాడు? విడాకులా, 1857 చట్టం రాకముందు పూర్తి విడాకులు కావాలంటే పార్లమెంటులో ప్రత్యేక చట్టం చేయించుకోవాలి.

నీ ఒప్పందం కొట్టెయ్యక్కర్లేదులే. అది చట్టం కాకుండా అతగాడి భ్రమ చెయ్యి. క్లబ్బులో ఎవరో చెప్పగా విన్నాడు. పెళ్లయిన వారానికి, నాలుగో అధ్యాయంలో, ముసలి లాయరు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ‘మై లార్డ్, ఆ దారి లేదు’ అంటాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. నీ హాస్యమంతా అక్కడ మొదలవుతుంది.

మేనమామ వీలునామా కూడా సరిచెయ్యి. పెళ్లి చేసుకోకపోతే బిరుదు పోతుందని రాశావు. బిరుదు, దాన్ని ఇచ్చినప్పుడు రాజు రాసిన పత్రం ప్రకారం వారసుడికి వెళ్తుంది, వీలునామాకి లొంగదు. షరతు పెట్టేది సొంత డబ్బు మీద.

లైసెన్సు సంగతి: అప్పట్లో మామూలుగా మూడు ఆదివారాలు చర్చిలో పెళ్లి ప్రకటన చదవాలి. బిషప్ లైసెన్సుంటే ప్రకటన అక్కర్లేదు గాని, చర్చిలోనే, ఉదయం 8 నుంచి 12 లోపే. నువ్వు రాసినట్టు లైబ్రరీలో అర్ధరాత్రి తాళి కట్టించాలంటే (ఉంగరం తొడిగించాలంటేలే, నా నోటికి తాళే వస్తుంది) కాంటర్‌బరీ ఆర్చిబిషప్ ఇచ్చే ప్రత్యేక లైసెన్సు కావాలి. అది లండన్లో డాక్టర్స్ కామన్స్ అనే చర్చి లాయర్ల నెలవులో దొరికేది. మీ వాడు ఉండేది యార్క్ దగ్గర, సుమారు 200 మైళ్లు. రానూపోనూ నాలుగు రోజులు బండిలో కూర్చోబెట్టు, ఈలోగా పిల్లని కాబోయే అత్తగారికి వదిలెయ్యి.

అన్నిటికంటే నా భయం ఆ పిల్ల డబ్బు గురించి. 20,000 పౌన్లు పట్టుకెళ్తోంది, ఒక్క కాగితం లేదు! పెళ్లికి ముందే సెటిల్‌మెంటు (ఆమె డబ్బు ఎవరికెలా చెందాలో చెప్పే ఒప్పందం) రాసుకోకపోతే, అప్పటి చట్టంలో ఆ రొక్కమంతా పెళ్లినాడే మొగుడిదైపోతుంది. మనవైపు పసుపుకుంకుమల పొలం ఉంటుందే, అలాంటి రక్షణ కావాలి. విధవరాలైతే ఏటా ఇచ్చే భరణం వెయ్యికి నూరు లెక్కన 2,000; చేతిఖర్చుకి ఏటా 400; చూసుకోవడానికి ఇద్దరు ట్రస్టీలు. చేతిఖర్చు దగ్గర బేరమాడించు. అతను 300 అనాలి, ఆవిడ 500 అనాలి. నీ తొలి ప్రేమ సన్నివేశం అదే కావచ్చు.

ఉద్యోగం మానేస్తానన్నావట. మానకు తల్లీ, తెల్లవారుజామున రాసుకో. అచ్చుకిచ్చేటప్పుడు కాపీరైటు మొత్తం రాసిచ్చెయ్యకు, సంతకానికి ముందు ఆ కాగితం నాకు చూపించు. ఈలోగా నాలుగో అధ్యాయం పంపు. కళ్లద్దాలు మరిచిపోకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ