జావా గుళ్లు, బాలి, గిలి ద్వీపం: ప్యాకేజీ లేకుండా వెళ్తే ఏది ముందు, ఏది తర్వాత?

మీ ప్రశ్న ఇది: 12 రోజుల సెలవు ఉంది, ఇండోనేషియాలో పాత గుళ్లు, ఒక ఊరు, ఒక చిన్న ద్వీపం చూడాలి, టూర్ కంపెనీ వద్దు, వెళ్లేది ఒక్కరే, మొదటిసారి, కాస్త భయంగా కూడా ఉంది. ఏ వరసలో తిరగాలి?

వరస గురించి అడగడం మంచిదైంది. నేను వెళ్లేముందు "ఏం చూడాలి" అని పాతిక మందిని అడిగాను గానీ ఏది ముందు, ఏది తర్వాత అని ఒక్కరినీ అడగలేదు. దాని ఫలితం మొదట చెప్తాను, మిగతా సలహా అంతా దాన్నుంచి వచ్చిందే.

నా ప్లాన్ చూడటానికి బాగానే ఉండేది. జావాలోని యోగ్యకర్తాలో మూడు రోజులు, బాలిలో ఐదు, ఆఖరికి హాయిగా కాళ్లు చాపుకోవడానికి గిలి ఆయిర్‌లో మూడు. ఆయిర్ అంటే వాళ్ల భాషలో నీళ్లు. గిలి అంటే చిన్న ద్వీపం. బాలి పక్కనున్న లంబోక్ ద్వీపపు వాయవ్య తీరానికి ఎదురుగా ఇలాంటివి మూడున్నాయి: ట్రవాంగన్, మెనో, ఆయిర్. వీటి మీద కార్లు, పెట్రోలు బళ్లు నడవనివ్వరు. సైకిలు, గుర్రపుబండి, లేదా కాలినడక. మూడో రోజు పొద్దున ఫాస్ట్ బోట్ ఎక్కి బాలి చేరుకుని, ఆ రాత్రి డెన్‌పసార్ నుంచి విమానం ఎక్కాలి.

పొద్దున రేవుకి వెళ్తే బోట్లు లేవన్నారు. నా ఎదురుగా సముద్రం పళ్లెంలో పోసిన నీళ్లలా ఉంది. గాలి కూడా లేదు. ఇదేదో డబ్బు గుంజే ఎత్తు అనుకుని కౌంటర్ దగ్గర కాసేపు వాదించాను కూడా. తర్వాత తెలిసింది, అలలు ఉన్నది అక్కడ కాదు, మధ్యలో. బాలికి, లంబోక్‌కి మధ్యనున్న జలసంధి చాలా లోతు. పసిఫిక్ వైపు నుంచి హిందూ మహాసముద్రంలోకి నీళ్లు దిగే దారుల్లో అదొకటి. ఆ ప్రవాహానికి దక్షిణం నుంచి వచ్చే పెద్ద అలలు ఎదురైతే చిన్న ఫైబర్ బోటుకి అది చోటు కాదు. అలాంటి రోజున రేవు అధికారులు బోట్లు ఆపేస్తారు. ఆపడమే మంచిది.

లంబోక్ వైపు మాత్రం దగ్గర కాబట్టి ఊరివాళ్లు ఎక్కే పడవ నడుస్తోంది. బంగ్సాల్ రేవులో దిగి, అక్కడి నుంచి కారులో లంబోక్ విమానాశ్రయానికి పరుగు. నాలాగే ఆలోచించినవాళ్లతో అప్పటికే డెన్‌పసార్ విమానాలన్నీ నిండిపోయాయి. రాత్రి నా విమానం నేను లేకుండానే వెళ్లింది. కొత్త టికెట్ ధర ఇక్కడ రాయను, తలచుకుంటే ఇప్పటికీ టెన్షనే.

అందుకే వరస ఇలా పెట్టుకోండి. ముందు జావా, తర్వాత బాలి గుళ్లు, ఆ తర్వాత ద్వీపం, మళ్లీ బాలికి వచ్చి విమానానికి ముందు కనీసం రెండు రాత్రులు. ఒక్క రాత్రి చాలదా అంటే, ఆపితే ఒక్క రోజే ఆపుతారని ఎవరూ హామీ ఇవ్వరు. బోట్లు సరిగ్గా నడిస్తే ఆ రెండు రోజులూ బాలిలోనే ఉబుద్‌లోనో సనూర్‌లోనో గడిచిపోతాయి, నష్టమేం లేదు. గిలి దూరమనిపిస్తే సనూర్ నుంచి నూసా పెనీడాకి వెళ్లొచ్చు, బోటు ప్రయాణం గంటలోపే. కానీ అక్కడి రోడ్లు నిటారుగా ఉంటాయి, కెలింగ్‌కింగ్ బీచ్‌కి దిగే దారి అయితే కొండ అంచున నిచ్చెన లాంటిది. హాయిగా కూర్చునే ద్వీపం కాదది.

ఇక యోగ్యకర్తా. ఊళ్లో అందరూ జోగ్జా అంటారు. కొత్త విమానాశ్రయం ఊరికి చాలా దూరం, కులోన్ ప్రొగో అనే జిల్లాలో ఉంది. బయటికి రాగానే టాక్సీల వాళ్లు చుట్టుముడతారు గానీ లోపలి నుంచే రైలుంది, 40 నిమిషాల్లో ఊరి నడిబొడ్డున తుగు స్టేషన్‌లో దింపుతుంది. దిగితే మాలియోబోరో వీధి పక్కనే. బస అక్కడే ఎక్కడైనా చూసుకోండి. సుల్తాన్ కోటకి కూడా నడిచి వెళ్లొచ్చు.

ఒంటరి ప్రయాణంలో అసలు లాభం నాకు ప్రంబనన్‌లో తెలిసింది. ఊరికి తూర్పున 17 కిలోమీటర్లు, మాలియోబోరో నుంచి సిటీ బస్సే వెళ్తుంది. తొమ్మిదో శతాబ్దపు గుళ్లు. నడుమ 47 మీటర్ల శివాలయం, దక్షిణాన బ్రహ్మకి, ఉత్తరాన విష్ణువుకి గుళ్లు, శివుడికి ఎదురుగా నంది. టూర్ బస్సుల్లో వచ్చినవాళ్లు శివుడి గుడి ముందు ఫోటో దిగి, లోపలికి తొంగిచూసి గంటలో వెళ్లిపోతున్నారు. రామాయణం వాళ్లకి కనబడలేదు.

ఎందుకంటే అది గుడి గోడ మీద లేదు. తూర్పు మెట్లెక్కాక ఎడమకి తిరగండి, గుడి మీ కుడి చేతి వైపు ఉంటుంది. అంటే ప్రదక్షిణ దారే. ఇప్పుడు గుడిని వదిలేసి ఎడమ వైపు పిట్టగోడ లోపలి ముఖం చూడండి. కథ అక్కడ చెక్కారు, ఒక్కో ఫలకం దాటుకుంటూ నడిచేకొద్దీ సాగుతుంది. ఒక్క చుట్టు పూర్తయ్యేసరికి కోతులు రాళ్లు మోసుకొచ్చి సముద్రంలో వేస్తుంటాయి. అక్కడితో శివాలయంలో కథ ఆగుతుంది. నేను అక్కడ అయిపోయిందనుకుని దిగిపోబోయాను. మిగతాది బ్రహ్మ గుడి పిట్టగోడ మీద ఉంది, యుద్ధం, ఆ తర్వాతి కథ అంతా. విష్ణువు గుడి మీదవి కృష్ణుడి కథలు. మూడూ తాపీగా చూడటానికి నాకు నాలుగు గంటలు పట్టింది. గ్రూపుతో వెళ్తే ఎవరు ఆగుతారు అంతసేపు?

శివాలయం ఉత్తరం గదిలో దుర్గ ఉంది. ఊరివాళ్లు ఆమెని లోరో జొంగ్రాంగ్ అంటారు, సన్నని నడుము కన్య అని అర్థం. ఆమె ఒకప్పుడు రాజకుమారి అని కథ. తనని పెళ్లాడతానన్న ఒక వీరుడికి ఒక్క రాత్రిలో వెయ్యి గుళ్లు కట్టమని షరతు పెట్టిందట. అతను 999 కట్టేశాడు. ఆమె కంగారుపడి ఆడవాళ్ల చేత వడ్లు దంపించి, తూర్పున మంటలు పెట్టించింది. తెల్లారిందనుకుని కోళ్లు కూశాయి. మోసం తెలిసి అతను శపిస్తే ఆమే వెయ్యో శిల్పం అయింది. దంపుడు చప్పుడుకి కోడి కూయడం అనే ఆ చిన్న వివరం నాకెందుకో భలే నచ్చింది. 2006 మే భూకంపంలో ఈ గుళ్లు బాగా దెబ్బతిన్నాయి. చుట్టూ మైదానంలో రాళ్ల కుప్పలు కనబడతాయి, అవి ఇంకా తిరిగి నిలబెట్టని చిన్న గుళ్లు.

బొరొబుదూర్ ఊరికి రెండో దిక్కున, వాయవ్యంగా సుమారు 40 కిలోమీటర్లు. బౌద్ధ స్తూపం, ఆరు చతురస్రపు అంతస్తులు, వాటిపైన మూడు గుండ్రనివి, 504 బుద్ధ విగ్రహాలు, పైన జాలీ రాతి గంటల్లాంటి 72 చిన్న స్తూపాలు. ఇక్కడ ఒక్క విషయం మరచిపోకండి: టికెట్ రెండు రకాలు. ఒకటి మైదానం వరకే, రెండోది పైకి ఎక్కడానికి. ఎక్కేవాళ్ల సంఖ్యకి రోజువారీ పరిమితి ఉంది, సమయం ముందే ఎంచుకోవాలి, గైడు వెంట వస్తాడు. మీ బూట్లు విప్పించి అల్లిన చెప్పులు ఇస్తారు, రాయి అరిగిపోకుండా. వాటి పేరు ఉపానత్, సంస్కృతంలో చెప్పులనే అర్థం! పేరు విని నవ్వొచ్చింది. ఎక్కే టికెట్ అక్కడికెళ్లాక కొందామంటే దొరకకపోవచ్చు, ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి. నిజం చెప్పాలంటే గైడు వెంట గడియారం చూసుకుంటూ ఎక్కడం వల్ల నాకు ప్రంబనన్ అంత తృప్తి ఇక్కడ దొరకలేదు. మొదటి వరండాలో బుద్ధుడి జీవితం 120 ఫలకాల్లో ఉంది, వాటిలో సగం కూడా సరిగ్గా చూడలేకపోయాను.

జావా నుంచి బాలికి విమానంలో గంటన్నర. నేను మాత్రం రైలు, ఫెర్రీ పట్టుకుని వెళ్లాను. ఓపిక ఉంటే మీరూ అదే చేయండి. శ్రీ తంజుంగ్ అనే రైలు పొద్దున బయల్దేరి దాదాపు 13 గంటల్లో జావా తూర్పు కొసన కెతపాంగ్ చేరుతుంది. అది బయల్దేరేది తుగు నుంచి కాదు, లెంపుయాంగన్ స్టేషన్ నుంచి. రెండూ ఒకే ఊళ్లో ఉన్నాయి, టికెట్ మీద పేరు చూసుకోకుండా తుగుకి వెళ్తే ఆ రోజు పోయినట్టే. కెతపాంగ్‌లో దిగితే ఫెర్రీ రేవు నడిచే దూరం. దాటడానికి గంట పడుతుంది, అయితే బాలి వైపు గిలిమనుక్ రేవులో దిగేసరికి గడియారం రెండు గంటలు ముందుకెళ్లినట్టుంటుంది. బాలి సమయం జావా కంటే ఒక గంట ముందు. ఈ లెక్క మరిచే నేను డెన్‌పసార్ బస్సు ఒకటి పోగొట్టుకున్నాను. మీకు తెలిసిందిగా, ఫోను సమయం మార్చుకుందో లేదో చూసుకోండి.

బాలి గుళ్లలో ఎవరైనా సరే నడుముకి సారంగ్ అనే లుంగీ లాంటి గుడ్డ, దానిమీద నడికట్టు కట్టుకోవాలి. చాలాచోట్ల ద్వారం దగ్గర ఇస్తారు. నెలసరిలో ఉన్న ఆడవాళ్లు లోపలికి రావద్దని బోర్డులు ఉంటాయి. దారిలో, మెట్ల మీద ఆకు దొన్నెల్లో పూలు కనబడతాయి, చనాంగ్ సారి అంటారు, రోజూ పెట్టే నైవేద్యం. దాటుకుని నడవండి, తొక్కకండి. తంపక్‌సిరింగ్ దగ్గర తీర్థ ఎంపుల్ గుడిలో ఊటనీళ్ల ధారల కింద తలపెట్టి స్నానం చేస్తారు. వరసలో వెళ్తూ అందరూ రెండు ధారలు వదిలేస్తుంటే నాకు అర్థం కాలేదు, వెనకున్న పెద్దావిడ నా భుజం పట్టి పక్కకి లాగింది. అవి చనిపోయినవాళ్ల కర్మలకి సంబంధించినవట. ముందువాళ్లు ఏం చేస్తే అదే చేయండి, సరిపోతుంది. ఉలువాతు గుడి దగ్గర సాయంత్రం కొండ అంచున కెచక్ నాట్యం బాగుంటుంది, కాకపోతే అక్కడి కోతులు కళ్లద్దాలు లాక్కుంటాయి. ఊరికే తమాషాకి కాదు, తిరిగివ్వడానికి పండు అడుగుతాయి. నావి ఒక అరటిపండుకి వచ్చాయి, ఒక కాడ వంగిపోయి.

డబ్బు విషయం చిన్నగా చెప్తాను. అక్కడికెళ్లాక ఇచ్చే 30 రోజుల వీసాకి నేను కట్టింది 5,00,000 రుపియా. బాలిలో అడుగుపెట్టే విదేశీయులకి 2024 ఫిబ్రవరి నుంచి విడిగా 1,50,000 రుపియా రుసుము కూడా ఉంది. అన్నిటికన్నా పెద్ద నోటు 1,00,000. సున్నాలు తికమక పెడతాయి, పైగా దుకాణాల్లో చివరి "రిబు" మింగేస్తారు. రిబు అంటే వెయ్యి. "లిమ పులుహ్" అంటే యాభై కాదు, యాభై వేలు. వీధిలో మరీ మంచి రేటు బోర్డు పెట్టిన చోట డబ్బు మార్చకండి. నా కళ్లముందే లెక్కపెట్టి, బల్ల మీద నుంచి నోట్లు కిందికి జార్చేశాడు ఒకడు. బయటికొచ్చి లెక్కపెడితే మూడు తక్కువ. ఏటీఎంలో ఇంకో సంగతి: నేను వాడిన మిషన్ ముందు డబ్బిచ్చి తర్వాత కార్డు ఇచ్చింది. డబ్బు చేతికి రాగానే వెళ్లిపోయే అలవాటుంటే కష్టం.

స్కూటర్ అద్దెకి ఎవరైనా ఇస్తారు, ఏ కాగితమూ అడగరు. పోలీసులు, ఇన్సూరెన్సు వాళ్లు మాత్రం అడుగుతారు. బైకుకి చెల్లే అంతర్జాతీయ లైసెన్సు లేకపోతే యాప్‌లో బండి పిలుచుకోండి. కొన్ని గ్రామాల్లో స్థానిక డ్రైవర్లు యాప్ బళ్లని ఎక్కించుకోనివ్వరు, నాలుగడుగులు పెద్ద రోడ్డు దాకా నడవాలి. తిండికి గాడో-గాడో (వేరుశెనగ పచ్చడి కలిపిన కూరగాయలు), తెంపే (పులియబెట్టిన సోయా ముద్ద) దొరుకుతాయి. మాంసం తినకపోతే "తన్పా తెరాసి" అనే మాట కూడా నేర్చుకోండి. తన్పా అంటే లేకుండా, తెరాసి అంటే రొయ్యల ముద్ద, చాలా కారాల్లో కలుపుతారు, పైకి కనబడదు.

ఒక్కరే వెళ్లడం గురించి భయం అన్నారు. జోగ్జాలో, ఉబుద్‌లో నాకు ఒంటరితనం అనిపించలేదు, గుళ్లలో అసలే లేదు. రాత్రి భోజనం దగ్గర మాత్రం రెండు మూడు సార్లు అనిపించింది.

మీరు ఏ నెలలో వెళ్తున్నారో రాయలేదు. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా వానలు తక్కువ. అయినా జూలై, ఆగస్టుల్లో సముద్రం ఎక్కువగా లేస్తుంది, అప్పుడైతే ఆ రెండు రాత్రుల్ని మూడు చేసుకోండి. మార్చి అయితే టికెట్ కొనేముందు న్యెపి తేదీ చూడండి. బాలివాళ్ల శక సంవత్సరాది అది. ఆ రోజు పొద్దున్నుంచి మర్నాడు పొద్దుటి దాకా వీధిలోకి ఎవరూ రాకూడదు, దీపాలు వేయరు, డెన్‌పసార్ విమానాశ్రయం కూడా 24 గంటలు మూసేస్తారు. నెల చెప్తే రోజుల లెక్క మళ్లీ వేసి ఇక్కడే రాస్తాను.