జాజ్ పిల్లలకు నేర్పాలంటే ముందు వంత పాడించండి

మూడో తరగతి పిల్లలకు జాజ్ (అమెరికా నల్లజాతివాళ్లు పుట్టించిన, అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడే, వాయించే సంగీతం), దాని చరిత్ర చెప్పొచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నిక్షేపంగా చెప్పొచ్చు. పుట్టిన తేదీలతో మాత్రం మొదలుపెట్టకండి.

మేం ఉండేది అమెరికాలో, జాజ్ పుట్టిన న్యూ ఆర్లీన్స్ దగ్గర. మా అమ్మాయి క్లాసుకి రెండేళ్లుగా శుక్రవారాలు అరగంట వాలంటీరుగా వెళ్తున్నాను. చిన్నప్పుడు నేర్చుకున్న కర్ణాటక సంగీతమే నా పెట్టుబడి. మొదటిరోజు వంత ఆట ఆడించాను. బుర్రకథలో కథకుడు ఒకటంటే పక్కవాళ్లు అందుకుంటారు కదా, అలాగే నేను ఒక దరువు చప్పట్లు కొడితే వాళ్లు తిరిగి కొట్టాలి. తర్వాత నాలుగు లెక్కపెడుతూ, దెబ్బ ఒకటి, మూడు మీద కాకుండా రెండు, నాలుగు మీద వేయించాను. జాజ్ ఊపు సగం అక్కడే ఉంది.

తర్వాతి వారం జాజ్ గాయని ఎల్లా ఫిట్జెరాల్డ్ 1960 బెర్లిన్ కచేరీ రికార్డు వినిపించాను. పాట మధ్యలో ఆవిడ మాటలు మర్చిపోతుంది. సరిగ్గా అక్కడ ఆపి, "మీరైతే ఏం చేస్తారు?" అన్నాను. ఎప్పుడూ నోరు విప్పని ఒక అబ్బాయి "ఏడుస్తా" అన్నాడు. మళ్లీ ప్లే చేశాను. ఆవిడ అప్పటికప్పుడు మాటలు అల్లేస్తూ, ఇంకో జాజ్ దిగ్గజం, ట్రంపెట్ వాయిస్తూ పాడే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతు కూడా అనుకరిస్తూ పాట పూర్తిచేసింది. ఆ పాటకి గ్రామీ అవార్డు వచ్చిందంటే పిల్లలు నమ్మలేదు. ఆ రోజే వంత ఆటలో ఆ అబ్బాయి వంతు వచ్చింది. దరువు మర్చిపోయాడు, చేతులు గాల్లో ఆగిపోయాయి. ఒక్క క్షణం చూసి, బూట్లు కార్పెట్ మీద సర్రు సర్రున రాశాడు. క్లాసంతా బూట్లతోనే అందుకుంది! నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

చరిత్ర దాచొద్దు. బానిసలు ఆదివారాలు మాత్రమే, మేయర్ చూపించిన చోటే గుమిగూడాలని 1817లో న్యూ ఆర్లీన్స్‌లో ఉత్తర్వు తెచ్చారు. అలా కాంగో స్క్వేర్ అనే మైదానంలో ఆఫ్రికా డప్పులు మోగాయి, జాజ్ వేళ్లు అక్కడున్నాయి. ఇది చెప్తే ఒక పాప, "మరి మిగతా ఆరు రోజులు?" అంది. చాకిరీ అని, తల్లీపిల్లల్ని విడదీసి అమ్మేసేవారని చెప్పాను. ఇంత బరువైన విషయాలు పిల్లలకెందుకని తర్వాత ఒకరిద్దరు పెద్దలు నన్ను తప్పుపట్టారు. ఆ ప్రశ్న అడిగింది ఎనిమిదేళ్ల పిల్ల! ఆర్మ్‌స్ట్రాంగ్‌ని బాలనేరస్థుల హోమ్‌కి పంపినప్పుడు ఆయన వయసు 11. అక్కడి బ్యాండులోనే కార్నెట్ (ట్రంపెట్ లాంటి చిన్న బాకా) వాయించాడు. ట్రంపెట్ బొమ్మకి రంగులేసే వర్క్‌షీట్లలో ఈ సంగతులేవీ ఉండవు, ఆ వర్క్‌షీట్లతో నేర్చుకున్న పిల్లలు జన్మలో జాజ్ వినరు.

ఇంకో బాధ మన తెలుగు తల్లిదండ్రులతో. "ఇది ఏ కాంపిటీషన్‌కి పనికొస్తుందండీ?" అంటారు. కల్పనస్వరం (అప్పటికప్పుడు అల్లే స్వరాలు) వేసేటప్పుడు తప్పుపోతుందేమోనని బిగుసుకుపోయే పిల్లలు మన సంగీతం క్లాసుల్లో ఎంతమంది లేరు? ముందు వాళ్లకే ఆ బెర్లిన్ రికార్డు వినిపించండి. ఆవిడ మాటలు మర్చిపోయిన చోట ఆపి, పిల్లల్ని అడగండి.