స్పీడుంది, కానీ కాల్‌లో మాట తెగుతోంది

ప్రశ్న: స్పీడ్ టెస్ట్ చేస్తే 100 ఎంబీపీఎస్ చూపిస్తుందండీ, సినిమాలు ఎక్కడా ఆగవు. కానీ యాప్‌లో అమ్మకి కాల్ చేస్తే మాత్రం నా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందంటుంది. ఆవిడ మాట నాకు బాగానే వినిపిస్తుంది. ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమంటారా?

జవాబు: వద్దండీ, డబ్బు వేస్ట్ చేసుకోకండి. కాల్‌కి ముఖ్యం స్పీడ్ కాదు, మాట టైముకి చేరడం. పాత డిజిటల్ ఫోన్ పద్ధతిలో మాటకి సెకనుకి 64 కిలోబిట్లు పట్టేది, ఇప్పటి ఓపస్ లాంటి కోడెక్ (గొంతుని కుదించి పంపే పద్ధతి) అందులో సగంతోనే గొంతుని శుభ్రంగా పంపుతుంది. అసలు 1970ల్లోనే, ఇంటర్నెట్‌కి ముందు తరం నెట్‌వర్క్ అయిన ఆర్పానెట్‌లో సెకనుకి 50 కిలోబిట్ల లైన్ల మీద మాట పంపి చూపించారు, అలాంటిది మీ 100 ఎంబీపీఎస్ ఎందుకు చాలదు చెప్పండి.

యాప్ మీ గొంతుని సాధారణంగా 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి పంపుతుంది, అంటే సెకనుకి 50 ప్యాకెట్లు. సినిమా అయితే కాస్త ముందు భాగం తెచ్చి దాచుకుంటుంది, మధ్యలో నెట్ తడబడినా మనకి తెలీదు. కానీ మీరింకా అనని మాటని ముందే తెచ్చి పెట్టుకోవడం ఎవరివల్లా కాదు కదా! అవతలి ఫోన్ కొద్దిసేపు ఆగి చూస్తుంది, అప్పటికీ రాని ముక్కని వదిలేస్తుంది, అదే అమ్మకి తెగినట్టు వినిపించేది. పోనీ ఎక్కువసేపు ఆగుదామంటే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తారు, ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు దాటకపోతే బావుంటుందని టెలికాం ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ సంస్థ ఐటీయూ లెక్క.

మీరు రాసిన దాంట్లో అసలు క్లూ ఆవిడ మాట మీకు బాగా వినిపించడం. అంటే తేడా మీవైపు నుంచి వెళ్ళే దారిలో, అప్‌లోడ్‌లో ఉండే అవకాశం ఎక్కువ. చాలా కనెక్షన్లకి అప్‌లోడ్ డౌన్‌లోడ్ కంటే బాగా తక్కువ ఉంటుంది, స్పీడ్ టెస్ట్‌లో మనం చూసేదేమో పైనున్న పెద్ద అంకె. మీరు మాట్లాడేటప్పుడే ఇంట్లో ఏదో ఫోన్ ఫొటోలు బ్యాకప్ చేస్తుంటే రూటర్ దగ్గర పెద్ద క్యూ తయారవుతుంది, మీ మాట ఆ ఫొటోల వెనక నిలబడుతుంది. ముందు బ్యాకప్ ఆపి కాల్ చేసి చూడండి. తగ్గితే రూటర్‌లో క్యూఓఎస్ అనే సెట్టింగ్ ఉందేమో వెతికి కాల్స్‌ని ముందు పంపమని పెట్టుకోండి. తగ్గకపోతే వైఫై మీద అనుమానం, రూటర్ ఉన్న గదిలోకే వెళ్ళి మాట్లాడి చూడండి, గోడలు తగ్గితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

ప్రశ్న: కాల్‌లో నా గొంతు నాకే తిరిగి వినిపిస్తోంది. ఫోన్ మార్చాను, ఇయర్‌ఫోన్స్ మార్చాను, అయినా పోలేదు.

జవాబు: మీవైపు ఏం మార్చినా పోదండీ, మీ గొంతు అవతలి వాళ్ళ స్పీకర్‌లోంచి వచ్చి వాళ్ళ మైక్‌లోనే మళ్ళీ దూరుతోంది. వాళ్ళని స్పీకర్ సౌండ్ తగ్గించమనండి, లేదా ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమనండి. ఇది గ్రూప్ కాల్ అయితే ఒక్కొక్కరినీ మ్యూట్ చేయమని అడగండి, ఎవరు చేసినప్పుడు ఎకో ఆగిందో వాళ్ళ దగ్గరే ఉంది.