బానెట్ ఎత్తండి, ఆల్బమ్ తెరవండి: పాత కార్ల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఉన్నది ఒకటే ప్రశ్న. మా దగ్గరున్న పాత కారు మొదట ఎవరిది, ఎన్ని చేతులు మారింది, మధ్యలో దానికి ఎవరెవరు ఏమేం చేశారు? అందుకని ఈసారి అన్నీ అవే తీసుకున్నాను.

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు: మా తాతగారు పొగాకు వ్యాపారం చేసేవారు. 1950ల్లో ఒక జమీందారీ కుటుంబం దగ్గర రోల్స్ రాయిస్ కొన్నారు, 20/25 అంటారు. ఇప్పుడు పాత గోడౌన్‌లో ఉంది. ఇంట్లో అందరూ అది నిజాం గారి కారని చెబుతారు. నిజమేనా, ఎలా తెలుసుకోవాలి?

అమ్మా, ముందు బానెట్ ఎత్తించండి. ఇంజిన్ వెనక, డ్రైవర్ కాళ్ళకు ముందుండే ఇనుప గోడ మీద ఒక ప్లేటు ఉంటుంది, దాని మీద ఛాసిస్ (బండి అడుగు చట్రం) నంబరు ఉంటుంది. అదే నంబరు ఛాసిస్ ఇనుము మీద కూడా పంచ్ కొట్టి ఉంటుంది, మట్టి, గ్రీజు కిరోసిన్‌తో మెల్లగా తుడిస్తే కనబడుతుంది (వైర్ బ్రష్ వద్దు, దయచేసి). 20/25 మోడల్ 1929 నుంచి 1936 దాకా తయారైంది, మొత్తం 3,827 బళ్ళు. దాని నంబరు ఇంగ్లిష్ 'జీ'తో మొదలయ్యే మూడక్షరాలు, ఆ పక్కన ఒక సంఖ్య. ఇంకో సంగతి, రోల్స్ వాళ్ళు ఈ మోడల్‌లో ఆ సంఖ్యగా 13 వాడలేదు. మీ ప్లేటు మీద 13 ఉందంటే ఆ ప్లేటును అనుమానించాల్సిందే. ఇంజిన్ నంబరు వేరుగా క్రాంక్‌కేసు (ఇంజిన్ అడుగు పెట్టె) మీద ఉంటుంది, అది కూడా రాసుకోండి.

ఆ రెండు నంబర్లు దొరికాయంటే సగం పని అయినట్టే. ఎందుకంటే ఇంగ్లండులో నార్తాంప్టన్‌షైర్‌లోని పాలర్స్‌పరీ అనే ఊళ్ళో హంట్ హౌస్ అని ఉంది, రోల్స్ రాయిస్ ఎంథూజియాస్ట్స్ క్లబ్ వాళ్ళది. కంపెనీ ఒక్కో బండికి రాసిపెట్టుకున్న ఛాసిస్ కార్డులు వాళ్ళు భద్రపరిచారు, డబ్బు కడితే నకలు ఇస్తారు. ఆ రోజుల్లో రోల్స్ కంపెనీ ఇంజిన్, ఛాసిస్, రేడియేటర్ వరకే అమ్మేది, బాడీ కట్టించుకోవడం కొన్నవాళ్ళ పని. హూపర్, బార్కర్, థ్రప్ అండ్ మేబర్లీ, పార్క్ వార్డ్ లాంటి కోచ్‌బిల్డర్లు ఆ పని చేసేవాళ్ళు. కార్డు మీద మొదట ఎవరి పేరున ఆర్డర్ వచ్చింది, బాడీ ఎవరు కట్టారు, ఎప్పుడు అందజేశారు లాంటివి ఉంటాయి. సముద్రం దాటిన బండైతే కొన్నిసార్లు ఓడ పేరు కూడా దొరుకుతుంది. తర్వాతి ఓనర్ల పేర్లున్న కార్డులూ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త, మొదటి పేరు దగ్గర బొంబాయిలోనో కలకత్తాలోనో ఉన్న డీలర్ పేరు కనబడితే నిరుత్సాహపడకండి. బండి వాళ్ళ ద్వారా అసలు మనిషికి చేరిందన్నమాట, అక్కడి నుంచి వెతుకులాట మన దేశంలో సాగాలి.

ఇక నిజాం గారి సంగతి. మన రాష్ట్రాల్లో పాత రోల్స్ ఎక్కడ కనబడినా ఆ పేరు దానికి అంటుకుంటుంది. నిజాం బండి అని ఖాయంగా చెప్పగలిగినవి ఉన్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆర్డర్ ఇచ్చిన పసుపు రంగు సిల్వర్ ఘోస్ట్ (రోల్స్ వాళ్ళదే ఇంకో మోడల్) ఒకటి, బార్కర్ బాడీ. ఆయన 1911లో కన్నుమూశారు, బండి ఆ తర్వాత చేరింది. చాలా ఏళ్ళు పాడుబడి ఉండి, మరమ్మతు జరిగి ఇప్పుడు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. దాని విషయంలో ఎవరూ నోటిమాట మీద ఆధారపడక్కర్లేదు. మీ బండికి కూడా కార్డు వచ్చేదాకా నిజాం పేరు పక్కన పెట్టండి. నన్నడిగితే మీ తాతగారు జమీందారీ కుటుంబం దగ్గర కొన్నారన్న మాటే ఎక్కువ విలువైనది, ఎందుకంటే అది కాలానికి సరిపోతోంది. మద్రాసు ప్రభుత్వం 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చింది, ఆ తర్వాత కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎస్టేట్లు పోయిన కుటుంబాలు చాలా వస్తువులు అమ్ముకున్నాయి, పెద్ద ఇంజిన్ కార్లు ముందే అమ్ముడుపోయాయి, పెట్రోలు ఖర్చు ఎవరు భరిస్తారు? ఏ ఎస్టేటో కనుక్కోండి. ఆ ఎస్టేట్ వారసులు మైనర్లుగా ఉన్నప్పుడు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ (అలాంటి ఎస్టేట్లను ప్రభుత్వం తరఫున చూసే శాఖ) కిందికి వెళ్ళి ఉంటే, ఆస్తుల లెక్కల్లో మోటారు కారు రాసి ఉండే అవకాశం ఉంది. ఆ కాగితాల కోసం చెన్నై ఎగ్మోర్‌లో ఉన్న తమిళనాడు ఆర్కైవ్స్‌ను అడగాలి, మనం అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ కాబట్టి.

అన్నిటికంటే ముందు మీ ఇంట్లో పెళ్ళి ఆల్బమ్‌లు తియ్యండి. పెళ్ళికొడుకును ఊరేగించిన కారు ఫొటోలో నంబర్ ప్లేటు కనబడుతుంది, ఫొటో వెనక స్టూడియో ముద్ర, కొన్నిసార్లు తేదీ ఉంటాయి. అమ్మిన కుటుంబం వాళ్ళ ఆల్బమ్‌లు కూడా అడగండి, సిగ్గుపడకండి. పెద్దవాళ్ళు చెప్పేది ఫోనులో రికార్డు చేసుకోండి, వాళ్ళు చెప్పిన ఏడాదిని కాకుండా పక్కన జరిగిన విషయాన్ని పట్టుకోండి. 'పెద్దమ్మాయి పుట్టిన ఏడు', 'ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు' అంటే తేదీ తేలిపోతుంది.

విజయవాడ పటమట నుంచి ఒక పాఠకుడు: మాకు 1930ల నాటి ఇంగ్లిష్ కారు ఉంది. ఆటోనగర్‌లో ఒక షెడ్డు ఆయన మొత్తం విప్పేసి, టింకరింగ్, పెయింట్ చేసి మూడు నెలల్లో కొత్తదానిలా ఇస్తానంటున్నారు. ఇచ్చేయమంటారా?

ఆటోనగర్ పనివాళ్ళ చేతి మీద నాకు చాలా గౌరవం ఉంది. లారీ బాడీ మొత్తం కొత్తగా కట్టగలిగిన వాళ్ళకు ఒక ఫెండర్ గుంట తియ్యడం లెక్కలోది కాదు. నా టెన్షన్ అంతా ఆ మూడు నెలల మాట మీద. విప్పేసే తొందరలో పోయేది బండి చరిత్రే, పోయాక మళ్ళీ ఎవరూ తేలేరు. ఒక్క స్క్రూ కూడా తియ్యకముందు అన్ని వైపుల నుంచీ, కింద నుంచి కూడా ఫొటోలు తీయండి. తర్వాత ఇవి చూడండి.

రంగు. డాష్‌బోర్డు వెనక, సీటు కింద, డోరు గడప రేకు కింద ఎవరూ గోకని చోటు ఒకటి చూసి, రూపాయి బిళ్ళంత మేర సన్న నీళ్ళ కాగితంతో మెల్లగా అరగదీయండి. పొరలు గుండ్రంగా ఒకదాని కింద ఒకటి బయటపడతాయి, చెట్టు మొదట్లో వలయాల్లాగే. పై నుంచి కిందికి ఏ రంగు తర్వాత ఏ రంగో రాసుకోండి. అట్టడుగు రంగు ఛాసిస్ కార్డులోనో పాత ఫొటోలోనో ఉన్న రంగుతో కలిస్తే అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

చెక్క. కోచ్‌బిల్డర్లు కట్టిన బాడీలకు రేకు లోపల చెక్క ఫ్రేమ్ ఉంటుంది, ఇంగ్లండులో యాష్ అనే తెల్లటి కలప వాడేవాళ్ళు. మన దగ్గర చెదలు పట్టినప్పుడు వడ్రంగులు టేకు వేశారు. అంటే ఏ దూలం టేకో చూస్తే బండికి ఇక్కడ ఎక్కడెక్కడ పనిచేశారో తెలుస్తుంది. చెక్క మీద, సీటు ఫ్రేమ్‌ల మీద పంచ్ కొట్టిన బాడీ నంబరు ఉండొచ్చు, అందుకే పాత చెక్కను పొయ్యికో స్క్రాప్‌కో ఇవ్వకండి, పుచ్చిపోయినదైనా సరే.

బోల్టులు. ఆ కాలం ఇంగ్లిష్ బండికి విట్‌వర్త్ మరలు (అంగుళాల లెక్కలో ఉండే పాత ఇంగ్లిష్ కొలత) ఉంటాయి, మెట్రిక్ స్పానర్ సరిగ్గా పట్టిందంటే అది తర్వాత వేసిన బోల్టు. స్క్రూ తల మీద ప్లస్ గుర్తు ఉంటే కూడా అంతే, అప్పటి ఇంగ్లిష్ పనిలో ఒకే గీత ఉండేది. అద్దాల మూల ట్రిప్లెక్స్ అనే అద్దాల కంపెనీ ముద్ర ఉంటే ఆ అక్షరాల చుట్టుపక్కల చిన్న చుక్కలు చూడండి, అవి అద్దం తయారైన కాలానికి గుర్తు. రేకు గుంటల్లో సీసం పోసి నింపిన చోటు వేరు, పుట్టీ దట్టించిన చోటు వేరు, పుట్టీ సాధారణంగా తర్వాతి కాలం పని. వెనక భాగంలో ఎందుకున్నాయో తెలియని బోల్టు రంధ్రాలు కనబడితే అవీ ఫొటో తీయండి. రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలు రేషన్ పెట్టినప్పుడు పెట్రోలుకు బదులు బొగ్గు గ్యాస్‌తో నడిచేలా గ్యాస్ ప్లాంట్లు బిగించిన బళ్ళు మన వైపు తిరిగాయి, వాటి బ్రాకెట్ గుర్తులు కావచ్చు.

షెడ్డాయనతో ముందే మాట్లాడుకోండి. తీసిన ప్రతి వస్తువుకు చీటీ కట్టాలి, పాతది మీకే ఇవ్వాలి, ఏం కొత్తగా చేశారో బిల్లు మీద రాయాలి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా వాళ్ళ టురిన్ ఛార్టర్ కూడా కొత్తగా వేసిన భాగాల మీద చెరగని చిన్న గుర్తు పెట్టమంటుంది. ఆటోనగర్ పేరు ఆ బిల్లుల మీద ఉండటం మీ బండికి చిన్నతనం కాదు, అదీ దాని కథలో భాగమే. మంచి రంగు ఇంకా మిగిలి ఉంటే, అసలు పెయింట్ చేయించొద్దనే నా సలహా.

మంగళగిరి నుంచి: ఆర్సీ పోయింది. పాత నంబరు మాత్రం ప్లేటు మీద ఉంది. పాత ఓనర్ల పేర్లు దొరుకుతాయా?

ఆ నంబరు రిజిస్టరైన రవాణా శాఖ కార్యాలయంలో 'బి' రిజిస్టర్ ఎక్‌స్ట్రాక్ట్ అడగండి. ట్రాన్స్‌ఫర్లు, ఫైనాన్స్, ఇంజిన్ మార్పు లాంటివన్నీ అందులో ఎక్కాలి. కృష్ణా జిల్లా బండైతే జిల్లా కేంద్రం బందరు అన్న సంగతి మర్చిపోవద్దు, విజయవాడలో లేదంటే ఇక లేదని కాదు. కిటికీ దగ్గర పని జరక్కపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, రికార్డు ఇంకో ఆఫీసులో ఉంటే సెక్షన్ 6(3) కింద వాళ్ళే ఐదు రోజుల్లో అక్కడికి పంపాలి. ప్లేటు మీద ఏపీ 16 లేదా ఏపీ 7 ఉంటే అది 1989 జూలై తర్వాత వచ్చిన నంబరు, దాని వెనక ఇంకో పాత నంబరు ఉండాలి, అది కూడా పట్టుకోండి.

కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన, అసలు రూపంలో ఉన్న బండికి వేరుగా రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. కొత్తగా అయితే 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది, 'వీఏ' సిరీస్ నంబరు వస్తుంది. ఇప్పటికే రిజిస్టరైన బండి పాత నంబరును ఉంచుకోవచ్చు, అందుకే ఆ ప్లేటును వదులుకోకండి.

తెనాలి నుంచి: మా నాన్నగారి పాత కారులో పెట్రోలు ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ పెట్టారట. ఇక అది అసలు కారు కాదంటున్నారు. నిజమా?

1973లో చమురు ధర పెరిగాక, అంతకు ముందు కూడా, పెద్ద కార్లను రోడ్డు మీద ఉంచింది ఇలాంటి మార్పులే. మద్రాసులో సింప్సన్ వాళ్ళు తయారు చేసిన పెర్కిన్స్ డీజిల్ ఇంజిన్లు ఎన్నో బళ్ళ ప్రాణం కాపాడాయి. మీ నాన్నగారు ఆ పని చేయకపోతే బండి స్క్రాప్‌కి వెళ్ళేదేమో.

అసలా కాదా అన్నదానికి లండన్ కోర్టు 1990లో ఇచ్చిన తీర్పు గుర్తుపెట్టుకోండి. 1929లో, 1930లో లె మాన్స్ రేసు గెలిచిన బెంట్లీ 'ఓల్డ్ నంబర్ వన్'ను కోటి పౌండ్లకు అమ్మే ఒప్పందం కుదిరాక, ఇది ఆ బండే కాదని కొనేవాళ్ళు వెనక్కి తగ్గారు. నిజమే, 1932లో బ్రూక్‌లాండ్స్ రేసు ట్రాక్ మీద ప్రమాదం, ఇంజిన్ మార్పు, బాడీ మార్పు, 1929 నాటి ఇనుము దాదాపు మిగల్లేదు. అయినా జస్టిస్ ఆటన్ ఇది అసలు ఓల్డ్ నంబర్ వన్నే అన్నారు. కారణం, మధ్యలో ఎక్కడా తెగకుండా ఒకే బండిగా సాగిన చరిత్ర కాగితాల్లో ఉంది. మీ ఇంట్లో ఆ డీజిల్ మార్పు బిల్లు, ఆర్సీ మీద ఎంట్రీ ఉన్నాయేమో వెతకండి. కాకపోతే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఇంజిన్ మార్పు అడ్డు రావచ్చు, దరఖాస్తు పెట్టేముందే అధికారితో మాట్లాడండి. పాత ఇంజిన్ ఎవరి షెడ్డులోనైనా పడి ఉంటే నంబరు సరిచూసి, తుప్పు పట్టినా సరే, కొనేయండి.

విజయవాడ గవర్నర్‌పేట నుంచి: హైదరాబాద్‌లో 1950ల మెర్సిడెస్ అమ్మకానికి ఉంది. ఒకే ఓనర్ అంటున్నారు, మంచి ఫైల్ కూడా చూపించారు. నమ్మొచ్చా?

ఫైల్ పక్కన పెట్టి బండి దగ్గరికి వెళ్ళండి. ఛాసిస్ నంబరున్న ప్లేటు రివెట్లు కొత్తగా మెరుస్తున్నాయా, పంచ్ అంకెలు ఒకే సైజులో ఒకే లోతులో ఉన్నాయా, చుట్టూ ఇనుము అరగదీసినట్టుందా చూడండి. మెర్సిడెస్ బళ్ళకు డేటా కార్డు అని ఉంటుంది, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, రంగు కోడ్, సీటు గుడ్డ కోడ్ దాని మీద ఉంటాయి, 040 అంటే నలుపు. ఇప్పుడు తెల్లగా ఉన్న బండి కార్డు మీద 040 ఉంటే తప్పేమీ లేదు, ఎప్పుడు మార్చారని అడగండి, జవాబు ఎలా వస్తుందో వినండి. ఆ కాలంలో రాయబార కార్యాలయాల విదేశీ కార్లు చాలావరకు కేంద్ర ప్రభుత్వ సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలంలో చేతులు మారాయి. అలా వచ్చిన బండైతే రాయబారి ఒక ఓనరు, వేలంలో కొన్నాయన ఇంకో ఓనరు, 'ఒకే ఓనర్' మాట అక్కడే ఆగిపోతుంది. బేరం మొదలుపెట్టేముందు ఆ వేలం కాగితం, కస్టమ్స్ కాగితం, 'బి' ఎక్‌స్ట్రాక్ట్ మూడూ అడగండి. నకళ్ళు తీసుకోవడానికి అమ్మేవాళ్ళు ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకుండా తిరిగి వచ్చేయండి.