పాత డెస్క్‌టాప్‌కి ఎస్ఎస్‌డి పెడితే దండగా?

ప్రశ్న: మా డెస్క్‌టాప్ కొని పన్నెండేళ్లు దాటిందండి. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేసి ఇంట్లో పని చూసుకుని వచ్చినా ఇంకా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. ఈమధ్య లోపల్నుంచి టిక్ టిక్ అని చప్పుడు కూడా వస్తోంది. ఎస్ఎస్‌డి (చిప్‌లలో డేటా దాచుకునే, తిరగని డిస్క్) వేయిద్దామంటే, మీ మదర్‌బోర్డు సాటా 2 కదా డబ్బులు దండగ అని తెలిసినాయన ఒకరు అన్నారు. నిజమేనా? విండోస్ మళ్లీ ఎక్కించకుండా మార్చుకోవచ్చా? పిల్లల ఫోటోలన్నీ అందులోనే ఉన్నాయి.

జవాబు: ముందు ఆ టిక్ టిక్ సంగతి చూడండి, ఎస్ఎస్‌డి గురించి తర్వాత మాట్లాడుకుందాం. ఆగి ఆగి అదే చప్పుడు వస్తోందంటే లోపలి హెడ్ చదవాల్సిన చోటు దొరక్క వెనక్కొచ్చి మళ్లీ వెళ్తోందని అనుమానించాలి, అలాంటి డిస్క్ ఇంకో ఏడాది పనిచేయొచ్చు, రేపే పోనూవచ్చు. కాబట్టి ఈరోజే ఫోటోలు పెన్‌డ్రైవ్‌లోకో ఇంకో డిస్క్‌లోకో కాపీ చేసేయండి, ముఖ్యమైన ఫోల్డర్లు మొదట. స్లోగా ఉంది కదా అని డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైళ్లని సర్దడం) మాత్రం పెట్టొద్దు, చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతకడం) కూడా వద్దు, ఆ రెండూ డిస్క్ మొత్తాన్ని గంటల తరబడి తిప్పుతాయి, అసలే నీరసపడ్డ డిస్క్ అంత తట్టుకోకపోవచ్చు. కాపీ అయ్యాక డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఫ్రీ ప్రోగ్రామ్ వేసి చూడండి. అందులో రీఅలొకేటెడ్ సెక్టార్స్, కరెంట్ పెండింగ్ సెక్టార్స్ అని రెండు లైన్లు ఉంటాయి (సెక్టార్ అంటే డిస్క్‌లో డేటా రాసే చిన్న గడి), వాటి రా వాల్యూస్, అంటే అసలు అంకెలు, సున్నా కాకుండా పెరుగుతూ పోతుంటే ఇక ఆ డిస్క్‌ని నమ్మొద్దు.

ఇప్పుడు సాటా 2 సంగతి. సాటా అంటే డిస్క్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య డేటా వెళ్లే దారి. ఆయన చెప్పిన దాంట్లో సగం నిజం ఉంది. సాటా 2లో సెకనుకి 300 ఎంబీకి మించి వెళ్లదు, సాటా 3లో అయితే 600 దాకా వెళ్తుంది, కాబట్టి ఎస్ఎస్‌డి పూర్తి స్పీడు మీకు రాదు. కానీ మీ కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది ఆ దారి ఇరుకై కాదండి! 7200 ఆర్‌పీఎం డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే కావాల్సిన సెక్టార్ హెడ్ కిందకి రావడానికే సగటున 4 పైన, దానికి హెడ్ జరిగే టైమ్ కూడా కలిపితే 12, 13 అవుతుంది, అలా ఒక్కో చిన్న ఫైలుకీ ఆగుతూ పోతే సెకనుకి వంద చోట్ల కూడా చదవలేదు. విండోస్ స్టార్ట్ అయ్యేటప్పుడు చదివేవి వేల కొద్దీ చిన్న ముక్కలే. ఎస్ఎస్‌డిలో తిరిగేదీ జరిగేదీ ఏమీ లేదు, సాటా 2 మీద కూడా సెకనుకి వేల ముక్కలు చదివేస్తుంది. మీకు తేడా కనిపించేది అక్కడే, అందుకే దండగ కాదని గట్టిగా చెప్తున్నా. ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంటే ఇంకో 4 జీబీ కూడా వేయించండి, రెండూ కలిస్తే ఇంకా హాయిగా ఉంటుంది.

విండోస్ మళ్లీ ఎక్కించకుండా, పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ చేసి మార్చుకోవడాన్ని క్లోనింగ్ అంటారు, క్లోన్‌జిల్లా లాంటివి ఫ్రీగానే దొరుకుతాయి. కొత్తది సైజులో పాతదానికన్నా చిన్నదైతే క్లోన్‌జిల్లా మామూలుగా ఒప్పుకోదు, ముందే పాతదాంట్లో పార్టిషన్ (డిస్క్‌లో విడదీసిన భాగం) సైజు తగ్గించుకోవాలి. కానీ మీ విషయంలో నేను క్లోనింగ్ వద్దనే అంటాను, పాడైన సెక్టార్లుంటే మధ్యలో ఆగిపోతుంది, లేదా పాడైన ఫైళ్లతోనే కొత్త డిస్క్‌లోకి వచ్చేస్తుంది. కొత్తగానే ఎక్కించండి. మదర్‌బోర్డు మారదు కాబట్టి ఇప్పటికే యాక్టివేట్ అయి ఉన్న విండోస్ 10 మామూలుగా నెట్ తగలగానే తనే మళ్లీ యాక్టివేట్ అవుతుంది. ఇన్‌స్టాల్ చేసేముందు బయోస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) సాటా మోడ్, అంటే డిస్క్‌తో మాట్లాడే పద్ధతి, ఏహెచ్‌సీఐలో ఉందో లేదో చూడండి, పాత పద్ధతి ఐడీఈ అని ఉంటే అప్పుడే మార్చేయండి, విండోస్ ఎక్కాక మారిస్తే బ్లూ స్క్రీన్ వచ్చే అవకాశం ఉంది. ఇంకో మాట, ఇన్‌స్టాల్ అయ్యేవరకు పాత డిస్క్ కేబుల్ పీకేసి పక్కన పెట్టండి, లేకపోతే బూట్ ఫైళ్లు వెళ్లి పాతదాంట్లో కూర్చుంటాయి, తర్వాత పాతది తీసేయగానే కొత్తది స్టార్ట్ అవ్వదు.

బిగించడం పెద్ద పనేం కాదు, ప్లగ్ తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి, క్యాబినెట్ ఇనుముని ముట్టుకుని మొదలుపెట్టండి. సాటా పవర్ వైరు ఖాళీ లేకపోతే పాత నాలుగు పిన్నుల వైరుకి తగిలించే అడాప్టర్ వాడొచ్చు, అయితే ప్లాస్టిక్ కరిగించి పోతపోసిన కనెక్టర్ ఉన్నవి కొనొద్దు, వాటిలో లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి, ఒక్కో వైరూ విడిగా నొక్కి బిగించినట్టు కనిపించేవి మేలు.

ప్రశ్న: మా పాత సిస్టమ్‌లో ఫైళ్ల కోసం 4 టీబీ హార్డ్ డిస్క్ పెట్టాను, 2 టీబీయే కనిపిస్తోంది. డిస్క్ నకిలీదా?

జవాబు: కాకపోవచ్చండి. దాన్ని ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఇనిషియలైజ్ చేసుంటారు, అంటే మొదటిసారి వాడకానికి సిద్ధం చేసుంటారు, 512 బైట్ల సెక్టార్లతో ఆ పద్ధతికి 2 టీబీ దాటి లెక్క పెట్టడం రాదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పార్టిషన్లు డిలీట్ చేసి జీపీటీ అనే కొత్త పద్ధతికి మార్చండి, అందులో ఇప్పటికే ఏమైనా వేసుంటే ముందు బయటకి తీసుకోండి, పార్టిషన్‌తో పాటు అవీ పోతాయి. విండోస్ వేరే డిస్క్‌లో ఉండి దీన్ని ఫైళ్లకే వాడుకుంటే మామూలుగా పాత బయోస్ అడ్డం రాదు. అదే డిస్క్ మీద విండోస్ కూడా వేద్దామనుకుంటే మాత్రం మదర్‌బోర్డులో యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి) ఉండాలి.