పల్లాడియం మూత, మెగ్నీషియం పూత

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయి ఎమ్మెస్సీ ఫిజిక్స్ చివరి ఏడాది. ప్రాజెక్టు కోసం గాజు ముక్క మీద మెగ్నీషియం పూత వేసి అందులో హైడ్రోజన్ దాస్తాడట. దాని మీద పల్లాడియం కూడా వేయాలట, అది బంగారంలా ఖరీదైన లోహమట. హైడ్రోజన్ పేలుతుంది కదా అని నాకు టెన్షన్. వాళ్ల నాన్నగారేమో "ఇక గ్యాస్ బండ బదులు వీడి గాజు ముక్కే" అని వేళాకోళం. అసలు ఇదేం చదువు?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, ముందు మీ భయం తీర్చేస్తాను. అంగుళం పొడవు, అంగుళం వెడల్పు ఉన్న గాజు మీద 100 నానోమీటర్ల మందాన మెగ్నీషియం వేస్తే దాని బరువు మిల్లీగ్రాములో పదో వంతు. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. ఆ పూత కడుపు నిండా పట్టుకునే హైడ్రోజన్ సుమారు 9 మైక్రోగ్రాములు. అదంతా ఒక్కసారి అంటుకున్నా పక్కనున్న చీమకు తెలియదు. జాగ్రత్త పడాల్సింది ల్యాబులో సిలిండర్ దగ్గర. అక్కడ కూడా చాలాచోట్ల ఆర్గాన్‌లో 4 శాతం హైడ్రోజన్ కలిపిన గ్యాసే వాడతారు. పల్లాడియమంటారా, 10 నానోమీటర్ల పూతకు గ్రాములో 13 వేలో వంతు చాలు. మీ గొలుసు జోలికి ఎవరూ రారు.

మెగ్నీషియమే ఎందుకంటే, అది చవక, తేలిక, పైగా హైడ్రోజన్‌ని బాగా పట్టుకుంటుంది. హైడ్రోజన్ పట్టిన మెగ్నీషియాన్ని మెగ్నీషియం హైడ్రైడ్ అంటారు. 100 కిలోల హైడ్రైడ్‌లో 7.6 కిలోలు హైడ్రోజనే. లీటరు చోటులో 110 గ్రాములు పడుతుంది. హైడ్రోజన్‌ని మైనస్ 253 డిగ్రీలకు చల్లార్చి ద్రవం చేసినా లీటరుకు 71 గ్రాములే.

చిక్కంతా గుమ్మం దగ్గరే. గుంటూరులో పాఠాలు చెప్పే రోజుల్లో ఒకసారి ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ల ముందు మెగ్నీషియం రిబ్బన్ వెలిగించబోయాను. ఎంతకీ అంటుకోదు. పిల్లలు ముసిముసి నవ్వులు. వెనక నుంచి ల్యాబ్ అటెండరు "సార్, గరుకు కాగితం" అని గొణిగాడు. రిబ్బన్ని రుద్దడం మర్చిపోయాను! గాలి తగిలిన మెగ్నీషియం మీద తెల్లటి ఆక్సైడ్ పొర కడుతుంది. మీ అబ్బాయి పూతకూ అదే బెడద. ఆ పొర లేకపోయినా, జంటగా వచ్చే హైడ్రోజన్ అణువుని విడగొట్టడం మెగ్నీషియానికి అంత తేలిక కాదు. విడిపోతేనే లోపలికి వెళ్లేది.

ఆ పని పల్లాడియం చేస్తుంది. అది హైడ్రోజన్‌ని పీల్చుకుంటుందని థామస్ గ్రాహం 1866లోనే కనిపెట్టాడు. పైన మూతలా ఉండి గాలి తగలనివ్వదు, జంటని విడగొట్టి కిందికి పంపుతుంది. అయితే వేడి చేస్తే ఇది మెగ్నీషియంతో కలిసిపోయి మిశ్రలోహమైపోతుంది. అందుకే కొందరు రెండింటి మధ్య టైటానియం పొర వేస్తారు.

ఇంకో తంటా మీకు చెప్పక్కర్లేదు, గుంటూరు వాళ్లెవరికైనా తెలుసు. కోల్డ్ స్టోరేజీలో ముఠా కూలీలు మిర్చి టిక్కీలన్నీ (బస్తాలన్నీ) గుమ్మం దగ్గరే పేర్చేశారనుకోండి, లోపల సగం ఖాళీ ఉన్నా కొత్త టిక్కీ పోదు. మెగ్నీషియంలోనూ పైపైన హైడ్రైడ్ పొర కట్టేస్తే హైడ్రోజన్ దాన్ని దాటి లోపలికి వెళ్లడం మహా ఆలస్యం. పూత పలచనైతే గుమ్మం నుంచి వెనక గోడకు రెండడుగులే.

ఇక మీవారి వేళాకోళం. లెక్క వేసి చూశాను. 14.2 కిలోల బండలో ఉన్నంత శక్తి కావాలంటే ఐదున్నర కిలోల హైడ్రోజన్, దాన్ని దాచడానికి 65 కిలోల మెగ్నీషియం కావాలి. 100 నానోమీటర్ల పూతగా పరిస్తే 90 ఎకరాల పైమాటే! మీ అబ్బాయి చేస్తున్నది గిడ్డంగి కాదమ్మా. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక మెతుకు నలుపుతామే, అది. ఏ లోహం పక్కన పెడితే ఎంత వేగంగా పీలుస్తుంది, ఎంత వేడికి వదులుతుంది అన్నది ఆ మెతుకులో తెలుస్తుంది. నికెల్, టైటానియం, నియోబియం ఆక్సైడ్ లాంటివి మెగ్నీషియం పొడితో కలిపి నూరే పని వేరే నడుస్తోంది. హైడ్రోజన్ దాచే ట్యాంకు అంటూ వస్తే ఆ దారినే వస్తుందని నా నమ్మకం.

వదిలించుకోవడమే అసలు బాధ. మామూలు మెగ్నీషియం హైడ్రైడ్ 300 డిగ్రీల దాకా వేడెక్కితే గానీ గ్యాసు వదలదు. ఆ వేడికే, వచ్చే హైడ్రోజన్ శక్తిలో రూపాయికి 30 పైసలు పోతాయి. పైన చెప్పిన నికెల్ లాంటి ఉత్ప్రేరకం వేగం పెంచుతుందే గానీ ఈ 30 పైసల్ని తగ్గించలేదు. ప్రాజెక్టు వైవాలో ఇది తప్పక అడుగుతారు, అబ్బాయికి చెప్పండి.

వీలైతే ఒకసారి ల్యాబుకి వెళ్లి చూడండి. ముందు ఆ గాజు ముక్కలో మీ బొట్టు కనిపిస్తుంది. పూత హైడ్రోజన్‌ని పీల్చుకున్నాక అద్దం పోయి, అవతల ఉన్న మీ అబ్బాయి చెయ్యి లీలగా కనిపిస్తుంది.

ప్రశ్న: లేత్ మీద మెగ్నీషియం రజను అంటుకుంటే నీళ్లు పోయకూడదంటారు, నిజమేనా?
– ఒక టర్నర్, ఆటోనగర్

జవాబు: నిజమే. మండే మెగ్నీషియం నీళ్లలోని ఆక్సిజన్‌ని లాక్కుని హైడ్రోజన్‌ని వదులుతుంది, మంట ఇంకా రేగుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కూడా పనికిరాదు, అందులోని ఆక్సిజన్‌ని కూడా లాగేసుకుంటుంది. మిషన్ పక్కన బకెట్టు పొడి ఇసుక పెట్టుకోండి. వానాకాలంలో అది తడవకుండా మూత వేయండి.